లాప్‌టాప్ అక్కర్లేని ఎస్‌డీఆర్: ఇంట్లో కట్టుకునే ఓపెన్ సోర్స్ హ్యామ్ రిసీవర్

ఎస్‌డీఆర్ (సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియో, అంటే సాఫ్ట్‌వేర్‌తో పనిచేసే రేడియో) అనగానే చాలామందికి లాప్‌టాప్‌కి గుచ్చే యూఎస్‌బీ డాంగిల్ గుర్తొస్తుంది. అది మంచి పరికరమే, దానితో రేడియోలోకి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఇక్కడ చెప్పేది వేరే రకం గురించి. స్విచ్ వేస్తే చాలు, దానంతట అదే పలుకుతుంది. ట్యూనింగ్, ఫిల్టరింగ్, డీమాడ్యులేషన్ (సిగ్నల్‌లోంచి మాటని బయటికి తీయడం) అన్నీ లోపలి చిప్‌లో సాఫ్ట్‌వేరే చేస్తుంది. పక్కన కంప్యూటర్ ఉండదు. సర్క్యూట్ నుంచి కోడ్ దాకా ఏదీ దాచిపెట్టి ఉండదు. హ్యామ్‌ల, అంటే లైసెన్స్ తీసుకుని సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్ల, మాటలు వినిపించే అలాంటి రిసీవర్‌ని మన హైదరాబాద్‌లో దొరికే సామానుతో, చిన్న టేబుల్ మీద ఎలా కట్టాలో, కట్టాక అపార్ట్‌మెంట్ గోలలో దాన్ని ఎలా వినాలో చెప్తాను.

నేను చర్లపల్లి ఇండస్ట్రియల్ ఏరియాలో మీటర్లూ గేజీలూ క్యాలిబ్రేట్ చేసే ఉద్యోగం చేస్తాను. ఉండేది మౌలాలి వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో. పగలంతా కొలతలతోనే సరిపోతుంది కాబట్టి రేడియోలో కూడా నాది అదే పద్ధతి. ఒక భాగం పెట్టాలి, కొలవాలి, కొలత సరిగ్గా వచ్చాకే తర్వాతి భాగం పెట్టాలి. మొత్తం ఒకేసారి సోల్డర్ చేసి స్విచ్ వేస్తే, మూగబోయిన బోర్డులో తప్పు ఎక్కడుందో వెతకడానికే వారం పోతుంది.

ఏది కట్టాలి

ముందు ఓపెన్ సోర్స్ అన్న మాటని గట్టిగా పట్టుకోండి. ఆ పేరు పెట్టి అమ్మే ప్రతిదీ ఓపెన్ కాదు. స్కీమాటిక్ ఉందా, పీసీబీ ఫైళ్లు ఉన్నాయా, పార్ట్స్ లిస్ట్ ఉందా, సోర్స్ కోడ్ ఉందా, దాన్ని మార్చి వాడుకోవడానికి లైసెన్స్ ఒప్పుకుంటుందా అని చూడాలి. మైక్రో ఎస్‌డీఎక్స్ అనే చిన్న రేడియో విషయంలో ఇది మరీ ముఖ్యం. ఆ డిజైన్ నిజంగా అద్భుతం: 8 బిట్ల ఏటీమెగా328పీ చిప్‌తో, ఎస్ఐ5351 అనే ఆసిలేటర్ చిప్ ఫేజ్‌ని క్షణక్షణం మారుస్తూ ఎస్ఎస్‌బీ (హ్యామ్‌లు మాటలు పంపే పద్ధతి) పుట్టిస్తుంది. కానీ అదే పేరుతో ఆన్‌లైన్‌లో అమ్మే రెడీమేడ్ సెట్లు చాలావాటికి సర్క్యూట్ ఇవ్వరు, ఫర్మ్‌వేర్‌కి (చిప్ లోపలి ప్రోగ్రామ్‌కి) తాళం వేసి ఉంటుంది. అది చెడిపోయిన రోజు మన చేతిలో ఏమీ ఉండదు.

మన ఊరికి ఈ విషయంలో పెద్ద పేరుంది. బిట్ఎక్స్, మైక్రో బిట్ఎక్స్, ఎస్‌బిట్ఎక్స్, జెడ్‌బిట్ఎక్స్ రేడియోలు రూపొందించిన అష్హర్ ఫర్హాన్ (ఆయన కాల్‌సైన్, అంటే లైసెన్స్‌తో వచ్చే రేడియో పేరు, వీయూ2ఈఎస్ఈ) హైదరాబాదీయే. బంజారాహిల్స్‌లోని లామకాన్ అనే సాంస్కృతిక వేదికని మొదలుపెట్టినవారిలో ఆయన ఒకరు. ఎస్‌బిట్ఎక్స్ లోపల రాస్ప్‌బెర్రీ పై 4 ఉంటుంది, ముందు టచ్ స్క్రీన్. యాంటెన్నా సిగ్నల్‌ని ముందు 40 మెగాహెర్ట్జ్‌కి ఎక్కించి, క్రిస్టల్ ఫిల్టర్‌లో సుమారు 25 కిలోహెర్ట్జ్ వెడల్పు ముక్కని కోసుకుని, ఆ ముక్కని ఆడియో కోడెక్‌కి (శబ్దాన్ని అంకెలుగా మార్చే చిప్‌కి) అందేంత కిందికి దించుతుంది. మిగతా పనంతా సాఫ్ట్‌వేర్‌దే. కోడ్ అంతా సీ భాషలో, ఎవరైనా చదవగలిగేలా ఉంది. ఎఫ్‌టీ8 అనే డిజిటల్ సందేశాల పద్ధతి కూడా లోపలే ఉంటుంది, మళ్లీ కంప్యూటర్ తగిలించే పని లేదు. జెడ్‌బిట్ఎక్స్ దాని చిన్న చెల్లెలు, పై జీరో 2డబ్ల్యూ మీద నడుస్తుంది. ఇక ఆల్బర్ట్ పీటర్, జాక్ పర్డమ్ కలిసి చేసిన టీ41 ఉంది. అది 600 మెగాహెర్ట్జ్ టీన్సీ 4.1 బోర్డు మీద నడుస్తుంది. ఎస్‌డీఆర్ లెక్కలు కూలంకషంగా నేర్చుకోవాలనుకునేవారికి దానికి మించింది నాకు తెలిసి లేదు. కానీ అది పెద్ద ప్రాజెక్టు.

ఇవన్నీ ట్రాన్స్‌సీవర్లు, అంటే వినడమే కాదు, పంపడం కూడా చేసేవి. లైసెన్స్ ఇంకా చేతికి రానివాళ్లు, సోల్డరింగ్ ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవాళ్లు వీటితో మొదలుపెట్టొద్దని నా సలహా. ముందు రిసీవర్ కట్టండి. దానికి జొనాథన్ డాసన్ రూపొందించిన పై పైకో రిసీవర్ సరిగ్గా సరిపోతుంది. ఐదు వందల లోపు దొరికే రాస్ప్‌బెర్రీ పై పైకో, ఒక అనలాగ్ స్విచ్ చిప్, ఆప్ యాంప్, చిన్న ఓఎల్ఈడీ, ఒక రోటరీ ఎన్‌కోడర్ (ట్యూనింగ్ నాబ్). వీటితోనే మీడియం వేవ్ నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా ఏఎం, ఎస్ఎస్‌బీ, సీడబ్ల్యూ (మోర్స్) అన్నీ వినొచ్చు. కింద చెప్పేదంతా దీని గురించే. అయితే ఈ పద్ధతి ఒకసారి చేతికి వచ్చిందంటే పైన చెప్పిన రేడియోల్లో ఏది తెరిచినా కొత్తగా అనిపించదు.

లోపల జరిగేది

ఇది తెలియకుండా సోల్డర్ ముట్టుకోవద్దు, ఎందుకంటే కొలతలన్నీ దీని మీదే ఆధారపడతాయి.

యాంటెన్నా నుంచి వచ్చే సిగ్నల్ 74సీబీటీఎల్‌వీ3253 అనే స్విచ్‌లోకి వెళుతుంది. కొళాయి కింద నాలుగు బిందెలు పెట్టి, ఒక్కోదాన్నీ కాసేపు పట్టి పక్కకి జరుపుతూ పోయినట్టు, ఈ స్విచ్ సిగ్నల్‌ని నాలుగు కెపాసిటర్ల మీదికి వంతులవారీగా తిప్పుతుంది. 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక సైకిల్ 141 నానోసెకన్లు, అంటే ఒక్కో కెపాసిటర్ వంతు 35 నానోసెకన్లు. స్విచ్ తిరిగే వేగం, సిగ్నల్ ఫ్రీక్వెన్సీ ఒకటే అయితే ప్రతిసారీ ఒకే కెపాసిటర్‌కి తరంగంలో ఒకే చోటు దొరుకుతుంది. కొంచెం తేడా ఉంటే ఆ తేడా ఎంతో అంత ఫ్రీక్వెన్సీ కెపాసిటర్ల మీద కనిపిస్తుంది. మనకి కావాల్సింది ఆ తేడానే. ఒకటో కెపాసిటర్ నుంచి మూడోది తీసేస్తే ఐ, రెండో దాని నుంచి నాలుగోది తీసేస్తే క్యూ. ఈ పద్ధతిని టేలో డిటెక్టర్ అంటారు, డాన్ టేలో (కాల్‌సైన్ ఎన్7వీఈ) పేరు మీద.

ఐ, క్యూ రెండూ ఎందుకంటే, ఒక్కటే ఉంటే ట్యూన్ చేసిన చోటుకి పైనున్న స్టేషన్, కిందున్న స్టేషన్ కలిసిపోయి వినిపిస్తాయి. 90 డిగ్రీల తేడాతో రెండూ ఉంటే సాఫ్ట్‌వేర్ వాటిని విడదీయగలదు. ఎంత బాగా విడదీస్తుందన్నది ఐ, క్యూ ఎంత సమానంగా ఉన్నాయన్న దాని మీద ఉంటుంది. సైజులో ఒక శాతం, ఫేజ్‌లో ఒక డిగ్రీ తేడా ఉంటే ఎదుటి వైపు స్టేషన్ 40 డీబీ (వోల్టేజీలో వందో వంతుకి) మాత్రమే తగ్గుతుంది. బలమైన స్టేషన్ పక్కనుంటే అది చాలదు. అందుకే ఈ రెండు దారుల్లో ఒక శాతం రెసిస్టర్లే వాడండి, వీలైతే ఒకే పట్టీలోంచి తెంపిన వాటిని మీటర్‌తో కొలిచి జతలు కట్టండి. క్యాలిబ్రేషన్ పనిలో ఉన్నాను కాబట్టి చెప్పడం లేదు, నిజంగా ఇక్కడ పెట్టిన పది నిమిషాలు తర్వాత వినిపిస్తాయి.

స్విచ్‌ని తిప్పేది కూడా పైకోనే. దానిలోని పీఐఓ అనే భాగం రెండు పిన్నుల మీద 90 డిగ్రీల తేడాతో చతురస్ర తరంగాలు పుట్టిస్తుంది. వేరే ఆసిలేటర్ అక్కర్లేదు. పైకోలోని ఏడీసీ (వోల్టేజీని అంకెలుగా మార్చే భాగం) సెకనుకు 5 లక్షల శాంపిళ్లు తీస్తుంది, అవి ఐకి సగం, క్యూకి సగం. మిగిలింది లెక్కలే, రెండు కోర్లు పంచుకుంటాయి.

సామాను

కోఠి గుజరాతీ గల్లీలో ఒక మధ్యాహ్నం తిరిగితే చాలా వరకు దొరుకుతాయి: డాట్ బోర్డు, హెడర్ పిన్నులు, రెసిస్టర్లు, ఓఎల్ఈడీ, ఎన్‌కోడర్, చిన్న స్పీకర్, ఆడియో యాంప్లిఫయర్ మాడ్యూల్. పైకో కూడా దొరుకుతుంది. 3253 స్విచ్ మాత్రం షాపులో అడిగితే దొరకడం కష్టం, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. అది చాలా చిన్న కాళ్ల చిప్ కాబట్టి దానితో పాటు అడాప్టర్ బోర్డు కూడా ఆర్డర్ చేయండి. లేదంటే ప్రాజెక్టు వాళ్లిచ్చిన గెర్బర్ ఫైళ్లతో (బోర్డు తయారీ ఫైళ్లతో) పీసీబీ చేయించుకోండి. కొత్తవాళ్లకి నేను పీసీబీయే చెప్తాను. కింద గ్రౌండ్ ప్లేన్ ఉన్న బోర్డుకీ, వైర్లతో అల్లిన బోర్డుకీ శబ్దంలో తేడా స్పష్టంగా తెలుస్తుంది.

టొరాయిడ్ కోర్ల (ఫిల్టర్ కాయిల్ చుట్టే ఉంగరాల) దగ్గర జాగ్రత్త. మనకి కావాల్సింది టీ37-6, పసుపు రంగు, వేలి ఉంగరం కంటే చిన్నది. షాపులో "పసుపు కోర్ ఉందా" అని అడిగితే, "ఇదిగో మేడమ్, కంప్యూటర్ సప్లైలో వాడేదే" అని పసుపు-తెలుపు రంగుల కోర్ చేతిలో పెడతారు. అది 26 నంబర్ మెటీరియల్, ఎస్ఎంపీఎస్‌లకి బాగుంటుంది, 7 మెగాహెర్ట్జ్ ఫిల్టర్‌కి పనికిరాదు. ఒక పక్క తెలుపు కనిపిస్తే వద్దని చెప్పేయండి. నంబర్ చెప్పి అడగడమే మంచిది, లేకపోతే ఆన్‌లైన్‌లో తీసుకోండి. చుట్టడానికి ఎనామెల్ వైర్ మాత్రం మోటార్ వైండింగ్ షాపులో కొంచెం తూకం వేసి ఇమ్మంటే ఇస్తారు, 28 గేజ్ అడగండి. కెపాసిటర్లు ఫిల్టర్లో సీ0జీ రకమే వాడాలి, దాన్నే ఎన్‌పీ0 అని కూడా అంటారు. మామూలు సెరామిక్ డిస్క్ కెపాసిటర్ విలువ వేడికి మారిపోతుంది. మే నెల మధ్యాహ్నం మేడ మీద పెట్టిన డబ్బా ఎంత వేడెక్కుతుందో మన ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు.

కడుతూ కొలవడం

మొదట పైకో ఒక్కటే పెట్టండి. బూట్‌సెల్ బటన్ నొక్కి పట్టుకుని యూఎస్‌బీ గుచ్చితే పెన్ డ్రైవ్‌లా ఒక డ్రైవ్ కనిపిస్తుంది. అందులో యూఎఫ్2 ఫైల్ కాపీ చేస్తే ఫర్మ్‌వేర్ ఎక్కిపోతుంది. ఫర్మ్‌వేర్ ఎక్కించేటప్పుడు మాత్రమే కంప్యూటర్ కావాలి. 3.3 వోల్టుల పిన్ కొలవండి, ఓఎల్ఈడీ తగిలించండి. స్క్రీన్ వెలిగి, నాబ్ తిప్పితే ఫ్రీక్వెన్సీ మారుతుంటే ఈ దశ అయిపోయినట్టే.

ఇక్కడే ఒక చిన్న పని చేయండి. పైకో బోర్డు మీద ఉన్న వోల్టేజ్ రెగ్యులేటర్ తక్కువ లోడ్ ఉన్నప్పుడు పొదుపు మోడ్‌లోకి వెళ్లి, 3.3 వోల్టుల లైన్ మీద గరుకు శబ్దం పుట్టిస్తుంది. జీపీఐఓ 23 పిన్‌ని హై చేస్తే అది పొదుపు మానేసి నున్నగా పనిచేస్తుంది. మీరు ఎక్కించిన ఫర్మ్‌వేర్‌లో ఆ లైన్ ఉందో లేదో సోర్స్ కోడ్ తెరిచి 23 కోసం వెతకండి. ఉంటే ఎక్కడుందో చూసినట్టవుతుంది, లేకపోతే ఒక్క లైన్ చేర్చి మళ్లీ ఎక్కించండి. ఓపెన్ సోర్స్ రేడియో కట్టుకున్నందుకు అసలు సుఖం ఇక్కడ మొదలవుతుంది.

తర్వాత ఆసిలేటర్ పిన్నులు. ఆసిల్లోస్కోప్ ఉంటే రెండు తరంగాలూ పావు సైకిల్ తేడాతో ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే మామూలు మల్టీమీటర్ డీసీలో పెట్టి ఒక్కో పిన్ కొలవండి. సగం సేపు 3.3, సగం సేపు సున్నా ఉండే తరంగం సగటు 1.65 వోల్టులు. రెండు పిన్నుల మీదా ఆ చుట్టుపక్కల వస్తే తిరుగుతున్నాయి. ఒకటి సున్నాగానో 3.3గానో ఉంటే పిన్ షార్ట్ అయిందనో, ఆ పిన్ మీద తరంగమే రావడం లేదనో అర్థం.

ఇప్పుడు స్విచ్ చిప్. ఇది సోల్డర్ చేసేటప్పుడు ఫ్లక్స్ ధారాళంగా వాడండి. కాళ్ల మధ్య సోల్డర్ అతుక్కుంటే కంగారుపడకుండా విక్‌తో (సోల్డర్ పీల్చే రాగి అల్లికతో) తీసేయండి, తర్వాత పక్కపక్క కాళ్ల మధ్య కంటిన్యుటీ చూడండి. యాంటెన్నా వైపు సగం సప్లై బయాస్ ఇస్తాం కాబట్టి నాలుగు కెపాసిటర్ల మీదా 1.65 వోల్టుల దగ్గర్లోనే రావాలి. నాలుగింటిలో ఒకటి తేడాగా ఉందంటే ఆ కాలు సరిగ్గా అతకలేదు. ఆప్ యాంప్ పెట్టాక దాని రెండు అవుట్‌పుట్లూ కూడా అక్కడే ఉండాలి. ఈ కొలతలన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. ఆరు నెలల తర్వాత రేడియో పలకడం మానేస్తే ఆ కాగితమే మీ సర్వీస్ మాన్యువల్.

ఆడియో పిన్ నుంచి వచ్చేది పీడబ్ల్యూఎం, అంటే వెడల్పు మారే పల్సులు. 100 ఓమ్‌ల రెసిస్టర్, 0.1 మైక్రోఫారాడ్ కెపాసిటర్ పెడితే 16 కిలోహెర్ట్జ్ పైన కోసేస్తుంది. తర్వాత యాంప్లిఫయర్, స్పీకర్.

ఇక మొదటిసారి వినడం. ఫిల్టర్ ఏదీ పెట్టకుండా ఒక మీటరో రెండు మీటర్లో వైరు తగిలించి, ఏఎం మోడ్‌లో 738 కిలోహెర్ట్జ్‌కి ట్యూన్ చేయండి. అది ఆకాశవాణి హైదరాబాద్ మీడియం వేవ్. మన ఊళ్లో దానికంటే బలమైన, ఉచితమైన టెస్ట్ సిగ్నల్ లేదు. మీరు అతికించిన స్విచ్చు, మీరు తగిలించిన వైరు, మీరు కాపీ చేసిన కోడ్ కలిసి తెలుగు మాట్లాడటం వింటే కలిగే సంతోషం నేను రాసి చెప్పలేను.

ఫిల్టర్ లేకుండా ముందుకు వెళ్లొద్దు

738 అంత బాగా వినిపించిందంటే, 7 మెగాహెర్ట్జ్ వినేటప్పుడు అదే మనకి శత్రువవుతుంది. అంత బలమైన సిగ్నల్ 12 బిట్ల ఏడీసీకి ముందున్న దారిని నింపేస్తుంది. మరో వైపు, ఈ స్విచ్ తన ఫ్రీక్వెన్సీకి మూడు రెట్ల దగ్గర కూడా వింటుంది. 7 మీద ట్యూన్ చేస్తే 21 మెగాహెర్ట్జ్ సిగ్నల్ కూడా మూడో వంతు బలంతో లోపలికి వస్తుంది. ఇది డిజైన్‌లో లోపం కాదు, చతురస్ర తరంగం స్వభావం. కాబట్టి పైనుంచి, కింది నుంచి రెండు గోడలు కట్టాలి.

పై గోడ: 40 మీటర్ల (7 మెగాహెర్ట్జ్) బ్యాండ్‌కి ప్రపంచమంతా వాడే లో పాస్ ఫిల్టర్. టీ37-6 కోర్ల మీద 21, 24, 21 చుట్లు. కెపాసిటర్లు 270, 680, 680, 270 పికోఫారాడ్లు. చుట్లు లెక్కపెట్టేటప్పుడు వైరు రంధ్రంలోంచి ఎన్నిసార్లు వెళ్లిందన్నదే లెక్క. మొదటిసారి వైరుని రంధ్రంలో దూర్చగానే అది ఒకటి. కోర్ చుట్టూ ముప్పావు వంతు పైగా సమంగా పరుచుకునేలా సర్దండి. చివర్ల ఎనామెల్ బ్లేడుతో గీకి, టిన్ చేసి, మీటర్‌తో కంటిన్యుటీ చూసి అప్పుడే బోర్డులో పెట్టండి. ఎనామెల్ సరిగ్గా పోకపోతే పైకి సోల్డర్ మెరుస్తూనే ఉంటుంది, లోపల కనెక్షన్ ఉండదు.

కింది గోడ: 1000 పికోఫారాడ్ కెపాసిటర్ వరుసలో, తర్వాత గ్రౌండ్‌కి అదే 21 చుట్ల కాయిల్, మళ్లీ 1000 పికోఫారాడ్ వరుసలో. ఇది 3 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలై కిందికి కోస్తుంది. 738 దగ్గర లెక్క ప్రకారం 37 డీబీ పైగా తగ్గిస్తుంది, అంటే వోల్టేజీ డెబ్బయ్యో వంతు కంటే తక్కువకి పడిపోతుంది. రెండు ఫిల్టర్లనీ ఒక చిన్న స్విచ్‌తో పక్కకి తప్పించేలా పెట్టుకుంటే మీడియం వేవ్ వినాలనుకున్నప్పుడు వినొచ్చు.

ఇప్పుడు 7 మెగాహెర్ట్జ్, ఎల్ఎస్‌బీ. ఎస్ఎస్‌బీలో 10 మెగాహెర్ట్జ్ కంటే కింద హ్యామ్‌లు ఎల్ఎస్‌బీ (కింది సైడ్‌బ్యాండ్), పైన యూఎస్‌బీ (పై సైడ్‌బ్యాండ్, కేబుల్ యూఎస్‌బీ కాదు) వాడతారు. ఎంత సర్దినా మాట అర్థం కాక, యూఎస్‌బీకి మారిస్తే శుభ్రంగా వినిపిస్తే ఐ, క్యూ తారుమారయ్యాయని అర్థం. ఆ రెండు వైర్లు మార్చేయండి, అంతే.

యాంటెన్నా, అపార్ట్‌మెంట్, గోల

రిసీవర్ మీద పెట్టిన శ్రద్ధ కంటే ఇక్కడ ఎక్కువ పెట్టాలి. 7.1 మెగాహెర్ట్జ్ హాఫ్ వేవ్ డైపోల్ మొత్తం పొడవు సుమారు 20 మీటర్లు, అటు పది, ఇటు పది. మా మేడ మీద వాటర్ ట్యాంక్ నిచ్చెనకి మధ్య భాగం కట్టి, రెండు చివర్లూ పిట్టగోడ మూలలకి నైలాన్ తాడుతో లాగాను. తలకిందులైన వీ ఆకారం. మొదట్లో అసోసియేషన్ ప్రెసిడెంట్ గారు వచ్చి "ఈ వైరు దేనికమ్మా, కరెంటు వస్తుందా?" అని అడిగారు. రిసీవర్ కిందికి తెచ్చి ఆయన చేతిలో పెట్టి వినిపించాను. ఆ తర్వాత వాచ్‌మన్‌తో "ఆ వైరు జోలికి ఎవరినీ పోనివ్వకు" అని ఆయనే చెప్పారు. అనుమతి అడిగేటప్పుడు కాగితం కంటే పలికే రేడియో పట్టుకెళ్లండి. బట్టలు ఆరేసే తాళ్లకి, కేబుల్ టీవీ వైర్లకి దూరంగా కట్టండి. కరెంటు తీగల దరిదాపుల్లోకి అసలు పోవద్దు. మబ్బు కమ్మితే యాంటెన్నా కేబుల్ ఊడదీసి కిటికీ బయట వదిలేయండి.

ఇప్పుడు వైరు తగిలించగానే స్టేషన్లకి బదులు బర్ర్‌మనే హోరు వినిపిస్తే అది రేడియో తప్పు కాదు. ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్, ఇన్వర్టర్, లిఫ్ట్ మోటార్ డ్రైవ్, ఇవన్నీ 7 మెగాహెర్ట్జ్ దగ్గర గట్టిగా అరుస్తాయి. పక్కన కంప్యూటర్ లేని రేడియో అసలు విలువ ఇక్కడ తెలుస్తుంది. లాప్‌టాప్‌తో వినేటప్పుడు లాప్‌టాప్ అడాప్టరే సగం గోల చేస్తుంది, ఏది ఎక్కడి నుంచి వస్తుందో తేలదు. ఈ రిసీవర్‌ని బ్యాటరీ మీద నడపండి. ఇంట్లోవాళ్లకి చెప్పి మెయిన్ ఎంసీబీ దించండి. ఎస్ మీటర్ (సిగ్నల్ బలం చూపేది) ఒక్కసారిగా పడిపోతే గోల మన ఇంట్లోదే. ఒక్కో ఎంసీబీ పైకెత్తుతూ ఏ గది దగ్గర పెరుగుతుందో చూడండి. తర్వాత ఆ గదిలో అరచేయంత వైరు లూప్ ఒకటి యాంటెన్నా బదులు తగిలించి, రేడియో చేత్తో పట్టుకుని ఒక్కో ప్లగ్గు దగ్గరికి వెళ్లండి. దొంగ దొరుకుతుంది. మా ఇంట్లో వంటగది ఎల్ఈడీ బ్యాటెన్ ముందు దొరికింది, తర్వాత ఫిష్ ట్యాంక్ లైట్ అడాప్టర్. బ్యాటెన్ మార్చేశాం. అడాప్టర్ వైరుని 31 నంబర్ ఫెరైట్ రింగులో ఏడెనిమిది చుట్లు చుట్టాక ఎస్ మీటర్ కిందికి దిగింది. ఫెరైట్‌లో చుట్లు రెట్టింపైతే ప్రభావం దాదాపు నాలుగు రెట్లు, కాబట్టి ఒక్కసారి దూర్చి వదిలేసే క్లిప్ రకం వల్ల పెద్దగా లాభం లేదు.

మెయిన్ దించినా గోల తగ్గకపోతే పక్కింటివాళ్లదో లిఫ్ట్‌దో అయి ఉంటుంది. లిఫ్ట్‌దైతే అది కదిలినప్పుడే వస్తుంది, ఆగగానే పోతుంది. దాన్ని భరించడమే. అలాంటప్పుడు ఆదివారం పొద్దున్నే రేడియో, చిన్న బ్యాటరీ, పది మీటర్ల వైరు సంచిలో వేసుకుని గండిపేట వైపో వికారాబాద్ అనంతగిరి వైపో వెళ్లండి. ఆ నిశ్శబ్దంలో మీ రిసీవర్ అసలు సత్తా ఏమిటో తెలుస్తుంది. పొద్దున పూట 7 మెగాహెర్ట్జ్ మీద దేశం నలుమూలల నుంచి హ్యామ్‌లు పలకరించుకుంటారు. చీకటి పడ్డాక అదే బ్యాండ్ ఇంకా దూరాలకి తెరుచుకుంటుంది.

ఫ్రీక్వెన్సీ సరిచేయడం

పైకో క్రిస్టల్ 30 పీపీఎం (పది లక్షలకి 30) తేడా ఉందనుకుంటే, 7 మెగాహెర్ట్జ్ దగ్గర 210 హెర్ట్జ్ తప్పు. మాటలకి ఫర్వాలేదు, ఎఫ్‌టీ8కి, సీడబ్ల్యూకి ఇబ్బంది. కింది గోడ, పై గోడ తప్పించి 10.000 మెగాహెర్ట్జ్ వినండి. చైనా టైం స్టేషన్ బీపీఎం మనకి తరచూ వినిపిస్తుంది. ఒకసారి 9.999 మీద యూఎస్‌బీలో, ఒకసారి 10.001 మీద ఎల్ఎస్‌బీలో వినండి. రెండింటిలోనూ క్యారియర్ ఈల ఒకే శ్రుతిలో వినిపించేదాకా క్యాలిబ్రేషన్ సంఖ్య మార్చండి. రేడియో ఆన్ చేసి పావుగంట ఆగాకే ఇది చేయండి, వేడెక్కేదాకా క్రిస్టల్ కుదురుగా ఉండదు.

పంపడానికి వెళ్లేటప్పుడు

ట్రాన్స్‌మిట్ చేయాలంటే లైసెన్స్ తప్పనిసరి. అమెచూర్ స్టేషన్ ఆపరేటర్ పరీక్ష రాయాలి, పన్నెండేళ్లు నిండినవాళ్లు ఎవరైనా రాయొచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ అక్కర్లేదు, కాల్‌సైన్ వీయూ3తో మొదలవుతుంది. జనరల్ గ్రేడ్‌కి వీయూ2. సోమాజిగూడ రాజ్‌భవన్ రోడ్డులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచూర్ రేడియో ఉంది, దారి తెలియకపోతే ముందు అక్కడికి వెళ్లి అడగండి. ఈ రిసీవర్ కట్టినవాళ్లకి థియరీ పేపర్ సగం వచ్చేసినట్టే.

లైసెన్స్ వచ్చాక జెడ్‌బిట్ఎక్స్ తీసుకున్నా, టీ41 కట్టినా, మొదటిసారి యాంటెన్నాకి తగిలించొద్దు. 50 ఓమ్‌ల డమ్మీ లోడ్‌కి (యాంటెన్నా బదులు పవర్ మింగే రెసిస్టర్‌కి) తగిలించి, ఒక డయోడు, ఒక కెపాసిటర్‌తో పీక్ వోల్టేజ్ కొలవండి. 5 వాట్లకి 22 వోల్టుల దగ్గర్లో రావాలి. లో పాస్ ఫిల్టర్ ఏ బ్యాండ్‌కి ఏది మారుతుందో, రిలే చప్పుడు వినిపిస్తుందో లేదో ప్రతి బ్యాండ్ మీదా చూడండి. పక్కన మీరు కట్టిన పైకో రిసీవర్ పెట్టుకోండి, దాని యాంటెన్నా తీసేసి. 7.1 మీద పంపుతూ 7.1, 14.2, 21.3 మూడు చోట్లా వినండి. ఇంత దగ్గర్లో రిసీవర్ తనంతట తానే ఉక్కిరిబిక్కిరై దొంగ సిగ్నళ్లు చూపించొచ్చు కాబట్టి, ఇంకో గదిలోకి తీసుకెళ్లి కూడా చూడండి. అక్కడా రెట్టింపు ఫ్రీక్వెన్సీ మీద గట్టిగా వినిపిస్తుంటే ఫిల్టర్ కాయిల్స్ మళ్లీ చూడాలి.

డబ్బా మూత బిగించే ముందు లోపలి వైపు ఒక కాగితం అతికించండి: ఫర్మ్‌వేర్ వెర్షన్, క్యాలిబ్రేషన్ సంఖ్య, 1.65 కొలతలు, కాయిల్ చుట్లు. కోడ్‌లో మీరేమైనా మార్చి ఉంటే ఆ మార్పుని ప్రాజెక్టు వాళ్లకి పంపండి, ఎందుకు మార్చారో రెండు వాక్యాలు రాసి.